కాక్‌పిట్ ఫొటోలు ఎప్పుడో వచ్చాయి, విమానం మాత్రం రాదేం?

గేటు_దగ్గరే_ఆలస్యం
ఒక కంపెనీ (పేరు అనవసరం, ఎదురుచూస్తున్న వాళ్లందరికీ తెలుసు) ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం చేస్తున్న తమ ఎయిర్‌లైనర్ యాడాన్ (సిమ్యులేటర్‌లో విడిగా చేర్చుకునే విమానం) కాక్‌పిట్ ఫొటోలు పెట్టి చాలా కాలమైంది. గీతలు పడ్డ ప్లాస్టిక్, అరిగిపోయిన థ్రస్ట్ లివర్లు, సీటు పట్టాల మధ్య దుమ్ము, అన్నీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ఆ తర్వాత వీడియో వచ్చింది. ఓవర్‌హెడ్ ప్యానెల్ మీద ప్రతి స్విచ్చూ కదులుతోంది, ఇంజన్లు స్టార్టయ్యాయి, విమానం లేచింది, దిగింది. మరి ఇంకా మిగిలిందేమిటి? తేదీ అడిగితే "సిద్ధమైనప్పుడు" అంటారు. అప్పుడప్పుడు ఒక స్క్రీన్‌షాట్ విసురుతారు, మళ్లీ ఉలుకూ పలుకూ ఉండదు. నిజంగానే అంత పని ఉంటుందా, లేక మనల్ని ఊరిస్తున్నారా? ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే విడమర్చి చెప్పండి. "ఓపిక పట్టండి" అనే జవాబులు మాత్రం వద్దు, అవి వాళ్ల దగ్గరే బోలెడు ఉన్నాయి.

డింగ్_డింగ్
దుమ్ము కూడా 4కేలో ఉందంటే ఇక ఎగరడం ఎందుకండీ, సీటులో కూర్చుని చూస్తూ ఉంటే సరి.

రాత్రి_ల్యాండింగ్
ఊరిస్తున్నారు. అంతకు మించి ఏమీ లేదు. ఫొటోలు బయట పడితే పోటీ కంపెనీ విమానం కొనబోయేవాడు ఆగిపోతాడు. వాళ్లకు కావలసింది అదే.

పాత_తొమ్మిది
ఇది కొత్త రోగం కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ 2006 అక్టోబర్‌లో వచ్చింది. అందరూ కలవరించిన పీఎండీజీ కంపెనీ యాడాన్ 737 ఎన్‌జీఎక్స్ దాని కోసం విడుదలైంది 2011 ఆగస్టులో. ఈ మధ్యలో ఆ సిమ్యులేటర్‌ను తయారు చేసిన ఏసెస్ స్టూడియోనే మూతపడింది, 2009లో. అంటే మేము సిమ్యులేటర్ పోయాక కూడా విమానం కోసం కాచుకున్నవాళ్లం. మీ తరానికి తొందరెక్కువ.

గేటు_దగ్గరే_ఆలస్యం
పాత_తొమ్మిది గారు, మీ ఓపికకు దండం. కానీ ఆ ఏళ్లన్నీ వాళ్లు ఏమి చేశారన్నదే నా ప్రశ్న.

ఎన్‌టూ_25
నేను ఒక చిన్న బృందంలో సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ చేస్తాను. మీరు అడుగుతున్న కంపెనీ కాదు, కాబట్టి వాళ్లను వెనకేసుకు రావలసిన అవసరం నాకు లేదు.

వీడియోలో స్విచ్ కదలడానికీ, ఆ స్విచ్ వెనక సర్క్యూట్ ఉండడానికీ ఏ సంబంధమూ లేదు. కదిలించడం ఒక పూట పని. 737లో గ్రౌండ్ పవర్ నుంచి ఏపీయూ (తోకలోని చిన్న ఇంజన్) జనరేటర్‌కు మారినప్పుడు ఏమవుతుందో చూడండి. కరెంటు ఒక్క క్షణం తెగి మళ్లీ వస్తుంది. లైట్లు రెప్పపాటు ఆరతాయి, ఫ్యాన్ల చప్పుడు దిగి మళ్లీ లేస్తుంది. దీన్ని రెండు రకాలుగా చేయవచ్చు. "ఈ స్విచ్ నొక్కితే లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించు" అని ఒక వరుస రాయడం మొదటిది. రెండోది, 115 వోల్టుల ఏసీ బస్‌లు (పరికరాలకు కరెంటు పంచే లైన్లు), ట్రాన్స్‌ఫార్మర్ రెక్టిఫయర్లు, వాటి నుంచి వచ్చే 28 వోల్టుల డీసీ, బ్యాటరీ, స్టాండ్‌బై బస్ (జనరేటర్లు పోయినా మిగిలే లైను), ఏ బస్ మీద ఏ పరికరం బతుకుతోందో ఆ చిట్టా, అన్నీ రాసి, లైటు దానంతట అదే ఆరేలా చూడడం.

వీడియోలో రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది ఎవరో ఒక మహానుభావుడు 35 వేల అడుగుల మీద రెండు జనరేటర్లూ ఆపేసి చూసినప్పుడు. రెండో రకం విమానంలో ఫస్ట్ ఆఫీసర్ వైపు తెరలు చీకటి అవుతాయి, కెప్టెన్ వైపు బతికి ఉంటాయి, బ్యాటరీ తరగడం మొదలవుతుంది, గడియారం మీ నెత్తిన నడుస్తుంది. మొదటి రకం విమానంలో రెండు హెచ్చరిక దీపాలు వెలుగుతాయి, కాఫీ మేకర్ కూడా పని చేస్తూనే ఉంటుంది.

మొదట మొదటి రకంగా చేసి, తర్వాత రెండో రకానికి మారుద్దామనుకునే బృందాలున్నాయి. అది గోడలకు రంగులు వేశాక లోపల కరెంటు తీగలు లాగడం లాంటిది. ప్రతి గోడా మళ్లీ పగలగొట్టాలి.

డింగ్_డింగ్
స్టాండ్‌బై బస్ అంటే మనం ఎదురుచూస్తున్న విమానం లాంటిదే అన్నమాట. ఎప్పుడూ వస్తుందనే అంటారు.

రివెట్_లెక్క
నేను త్రీడీ మోడలింగ్ వైపు. ఫొటోలు ముందు ఎందుకొస్తాయంటే మా పని ముందు కనిపిస్తుంది కాబట్టి. హైడ్రాలిక్ పంపు లెక్కకు స్క్రీన్‌షాట్ తీసి పెడితే ఎవరు చూస్తారు? ప్రచారం చూసే మనిషి మా దగ్గరికి వచ్చి "కొత్త ఫొటో ఏదైనా ఉందా" అంటాడు, ఇస్తాం. అంతే, ఇందులో కుట్ర లేదు.

అయితే ఫొటో వచ్చిందంటే మోడల్ పూర్తయిందనీ కాదు. మీరు చూసేది అతి దగ్గరి మోడల్. దూరం పెరిగే కొద్దీ వాడే తేలికపాటి ఎల్‌ఓడీ మోడళ్లను ఎవరూ ఫొటో తీయరు. అవి లేకపోతే విమానాశ్రయంలో మరో రెండు అలాంటి విమానాలు నిలబడగానే మీ తెర మీద సెకనుకు వచ్చే ఫ్రేములు కుప్పకూలతాయి. టెక్స్చర్ల (మోడల్ మీద అతికించే బొమ్మల) సంగతి మరీ ఘోరం. ఒక 4కే టెక్స్చర్‌ను బీసీ7 పద్ధతిలో కుదించినా 16 ఎంబీ, మిప్‌మ్యాపులతో (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న నకళ్లతో) కలిపితే 21 దాటుతుంది. ఒక్కో మెటీరియల్‌కు రంగు, నార్మల్, గరుకుదనం కలిపి కనీసం మూడు కావాలి. కాక్‌పిట్, క్యాబిన్, బయటి ఒళ్లు అన్నీ లెక్కేసుకోండి. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డులో సిమ్యులేటర్‌కూ కాస్త చోటు మిగల్చాలి కదా. అందంగా చేశాక సగం అందాన్ని తీసేయడానికి పట్టే సమయం ఎవరి లెక్కలోకీ రాదు.

రాత్రి_ల్యాండింగ్
సరే, రివెట్_లెక్క గారు. మరి తీసేయబోయే అందాన్ని ఫొటోలో ఎందుకు చూపిస్తారు?

రివెట్_లెక్క
నాకు దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను :)

ఉచితమే_మేలు
మీరంతా ఒక సంగతి వదిలేశారు. ఫ్లైబైవైర్ బృందం చేసిన ఏ320 యాడాన్, ఏ32ఎన్‌ఎక్స్, ఉచితం, సోర్స్ కోడ్ గిట్‌హబ్ సైటులో బహిరంగం. స్థిరమైన వెర్షన్ కావలసినవాడు అది తీసుకుంటాడు, తెగువ ఉన్నవాడు డెవలప్‌మెంట్ వెర్షన్ తీసుకుంటాడు. నిన్న ఏది చేర్చారో, రేపు ఏది చేర్చబోతున్నారో అందరికీ కనిపిస్తుంది. "సిద్ధమైనప్పుడు" అనే మాటే లేదు. ఎక్స్‌-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ వైపు జిబో 737 కూడా అంతే, ఉచితంగానే ఆ స్థాయికి చేరింది. డబ్బు తీసుకునేవాళ్లు తలుపులు మూసుకుని చేయడం అలవాటు మాత్రమే, అవసరం కాదు.

ఎన్‌టూ_25
ఆ రెండు ప్రాజెక్టులంటే నాకూ గౌరవమే. కానీ మొదలుపెట్టిన చోటు చూడండి. ఏ32ఎన్‌ఎక్స్ మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్‌తో పాటు వచ్చిన ఏ320 నియో మీద మొదలైంది. జిబో కూడా ఎక్స్‌-ప్లేన్ 11లో ఉన్న 737 మీదే పుట్టింది. మొదటి రోజు నుంచీ ఎగిరే విమానం చేతిలో ఉంది, దాన్ని ముక్కముక్కగా మారుస్తూ పోయారు. ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెట్టినవాడి దగ్గర సగం పనిలో జనానికి ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఎఫ్‌ఎంసీ (దారి లెక్కలు వేసే కంప్యూటర్) లేని 777 ఇస్తే తీసుకుంటారా మీరు?

ఉచితమే_మేలు
తీసుకుంటాను.

బీటా_బాధితుడు
మీరు తీసుకుంటారు, నాకు తెలుసు. మిగతావాళ్లు డబ్బు వెనక్కి అడుగుతారు.

కుడిసీటు
నేను ఉద్యోగంలో 737 కుడి సీటులో (ఫస్ట్ ఆఫీసర్‌గా) కూర్చుంటాను, ఇంట్లో సరదాకు సిమ్యులేటర్. "నిజం విమానంలాగే ఉందా" అని తరచూ అడుగుతుంటారు కాబట్టి నేను చూసే పద్ధతి చెబుతాను. మా దగ్గర వేగం చూపించే పరికరం నమ్మలేని స్థితికి వస్తే కంఠతా ఉండవలసిన అంకెలున్నాయి. ఫ్లాప్స్ (రెక్కల అంచు పలకలు) లోపల ఉంటే ముక్కు 4 డిగ్రీలు పైకి, ఎన్1 (ఇంజన్ ఫ్యాన్ వేగం) 75 శాతం. ఫ్లాప్స్ బయట ఉంటే 10 డిగ్రీలు, 80 శాతం. కొత్త యాడాన్ కొనగానే ఆటోపైలట్, ఆటోత్రాటిల్ రెండూ తీసేసి, ఈ అంకెలు పెట్టి చేతులు వదిలేస్తాను. విమానం బుద్ధిగా ఉంటే దాన్ని ఎవరో శ్రద్ధగా చేశారన్న మాట. వేగం పరుగెత్తినా, పడిపోయినా, ఎంత దుమ్ము గీసినా నాకు పనికిరాదు.

ఇందులో చిక్కేమిటంటే అసలు ఏరోడైనమిక్ డేటా విమానం కట్టిన కంపెనీ చేతిలో ఉంటుంది. శిక్షణ సిమ్యులేటర్లు చేసేవాళ్లు దాన్ని కొంటారు. ఇంటి సిమ్యులేటర్ వాళ్లకు దొరికేది మాన్యువల్‌లోని పనితీరు పట్టికలే. ఈ బరువుకు, ఈ ఎత్తులో, ఈ వేగానికి ఇంత ఎన్1, ఇంత ఇంధనం అని. వాటిని ఒక్కొక్కటే సరిపోల్చుకుంటూ పోవాలి. క్రూయిజ్ సరిచేస్తే దిగేటప్పుడు చెడుతుంది, అది సరిచేస్తే టేకాఫ్ చెడుతుంది.

పాత_తొమ్మిది
కుడిసీటు గారి మాటకు నా నుంచి రెండు చప్పట్లు. మా రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఫ్లైట్ మోడల్ పట్టికల మీదే నడిచేది, దాన్ని లొంగదీయలేక మెజెస్టిక్ కంపెనీ వాళ్లు తమ క్యూ400 విమానానికి సొంత ఫ్లైట్ డైనమిక్స్‌ను (ఎగిరే తీరు లెక్కలను) సిమ్యులేటర్‌కు బయట నడిపారు. అంత దూరం వెళ్లవలసి వచ్చింది.

చప్పుడు_పెట్టె
ధ్వని సంగతి ఎవరూ ఎత్తరు, అందుకే నేను ఎత్తుతాను. ఏ320లో కుక్క మొరిగినట్టు వచ్చే పీటీయూ (ఒక హైడ్రాలిక్ వ్యవస్థ ఒత్తిడిని మరోదానికి అందించే పరికరం) చప్పుడు అందరికీ ఇష్టం. చాలా యాడాన్లలో అది రెండో ఇంజన్ స్టార్ట్ చేయగానే టక్కున మోగే ఒక ఆడియో ఫైలు. అసలు విషయం అది కాదు. గ్రీన్, యెల్లో హైడ్రాలిక్ వ్యవస్థల మధ్య ఒత్తిడి తేడా 500 పీఎస్ఐ దాటితే పీటీయూ మేల్కొంటుంది. మొదటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు దాన్ని నోరు మూయించే లాజిక్ వేరే ఉంది. ఒత్తిడి సరిగ్గా లెక్కిస్తే ఎప్పుడు మొరగాలో అదే తెలుసుకుంటుంది. అంటే నా ధ్వని పని ఎన్‌టూ_25 గారి పని అయ్యాక గానీ పూర్తికాదు. నేను రికార్డింగులు ఎప్పుడో ఇచ్చేసి, చేతులు కట్టుకుని కూర్చున్న ప్రాజెక్టులున్నాయి.

ఎన్‌టూ_25
చప్పుడు_పెట్టె గారు, ఇది నా మీద విసురు కాదు కదా?

చప్పుడు_పెట్టె
అలా అనిపించిందా? మంచిది.

గేటు_దగ్గరే_ఆలస్యం
నేను ఎదురుచూడని స్థాయిలో జవాబులొస్తున్నాయి, సంతోషం. విద్యుత్తు, హైడ్రాలిక్స్ అర్థమైంది. కానీ ఎఫ్‌ఎంసీ అంటే తెర మీద అక్షరాలే కదా? దానికెందుకు అంత కాలం? సగం ఆలస్యాలకు "ఎఫ్‌ఎంసీ మీద పని జరుగుతోంది" అనే చెబుతారు.

ఎన్‌టూ_25
అయ్యో, ఆ అక్షరాల జోలికి వెళ్లారా.

విమానం వెళ్లే దారి పటం మీద గీత అనుకుంటాం. ఏరింక్ 424 అనే నావిగేషన్ డేటా ప్రమాణం ప్రకారం దారిలోని ముక్కలు 23 రకాలు. ఒక బిందువు నుంచి మరో బిందువుకు నేరుగా వెళ్లే ముక్క తేలిక. "వీఏ" అనే రకం చూడండి: ఫలానా హెడింగ్ (ముక్కు చూసే దిక్కు) పట్టుకుని, ఫలానా ఎత్తు వచ్చేదాకా వెళ్లు, ఆ తర్వాత తిరుగు. ఆ ముక్క పటం మీద ఎక్కడ ముగుస్తుంది? దానికి చిరునామా లేదు. బరువు తక్కువైతే తొందరగా ఎక్కుతుంది, ముందే తిరుగుతుంది. బరువెక్కువైతే, వేడి ఎక్కువైతే, వెనక గాలి ఉంటే ఇంకా దూరం పోతుంది. హెడింగ్ కాబట్టి పక్కగాలి పక్కకు నెడుతుంది కూడా. అయినా తెర మీద గీత ముందే గీయాలి, ఆ గీత తర్వాతి ముక్కకు మెత్తగా అతుక్కోవాలి. ఇలాంటివి పక్కపక్కన ఏ రెండు రకాలు వచ్చినా పని చేయాలి. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది, ప్రపంచంలో ఎక్కడో ఒక విమానాశ్రయంలో మీరు కలలో కూడా ఊహించని జంట పుట్టుకొస్తుంది.

వీనావ్ (ఎత్తు, వేగాల దారి లెక్క) దీనికి తాత. దిగే దారిని రన్‌వే నుంచి వెనక్కి లెక్కించుకుంటూ పోవాలి. ఎక్కడ ఫ్లాప్స్, ఎక్కడ వేగం తగ్గించడం, 10 వేల అడుగుల దగ్గర నెమ్మదించడం, మధ్యలో "ఇక్కడ ఇంత ఎత్తుకు పైన ఉండు" అనే షరతులు, ఒక్కో ఎత్తులో ఒక్కో గాలి. ఇంజన్ యాంటీ ఐస్ (మంచు పట్టకుండా చూసేది) వేస్తే ఐడిల్ (ఇంజన్ కనిష్ఠ వేగం) పెరుగుతుంది, ఐడిల్ పెరిగితే విమానం త్వరగా దిగనంటుంది. అందుకే 737 ఎఫ్‌ఎంసీలో డిసెంట్ ఫోర్‌కాస్ట్ పేజీలో యాంటీ ఐస్ ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు దాకా అని నింపే గడి ఉంది. ఆ గడి గీయడం నిమిషం పని. ఆ గడిలో అంకె వేస్తే దిగడం మొదలయ్యే బిందువు సరిగ్గా ఎంత జరగాలో, అదీ అసలు పని.

కుడిసీటు
ఆ గడి నింపే యాడాన్ కొనుగోలుదారు ఒక్కడైనా ఉంటాడా అని నాకు అనుమానం. మాలోనే అందరూ నింపరు.

ఎన్‌టూ_25
ఒక్కడుంటాడు. అతడే సమీక్ష రాస్తాడు.

రాత్రి_ల్యాండింగ్
మొదట అన్న మాట కొంత వెనక్కి తీసుకుంటాను. కానీ ఒకటి చెప్పండి. ఇంత చేశాక కూడా విడుదలైన రోజు ఆటోపైలట్ అలలా పైకీ కిందికీ ఊగుతుందే, అది ఎవరి పుణ్యం? బృందం మొత్తం ఎగరేసి చూశారు కదా.

క్రాష్_లాగ్
వాళ్ల కంప్యూటర్ల పుణ్యం. డెవలపర్ దగ్గర సెకనుకు 60 ఫ్రేములు వస్తాయి. ఆటోపైలట్ ప్రతి ఫ్రేముకూ ఒకసారి లెక్కవేసి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కదిలించేలా రాసి, అక్కడ నున్నగా కుదిర్చారు. మీ దగ్గర పెద్ద విమానాశ్రయం మీద 20 ఫ్రేములే. అదే లెక్క మూడో వంతు సార్లే జరుగుతోంది, ప్రతిసారీ ఆలస్యంగా, అతిగా సరిదిద్దుతోంది. ఊగక ఏమి చేస్తుంది? మందు తెలిసినదే: లోపలి లెక్కలను ఫ్రేములకు ముడిపెట్టకుండా స్థిరమైన అడుగులో, ఉదాహరణకు 20 మిల్లీసెకన్లకోసారి నడపడం. కానీ దాన్ని మొదట్లోనే పునాదిలో వేయాలి. చివర్లో గుర్తొస్తే కంట్రోల్ లాజిక్ అంతా మళ్లీ కుదుర్చుకోవాలి.

ఇక 2020 సిమ్యులేటర్‌లో మరో తిరకాసు. ఎక్స్‌బాక్స్‌లో కూడా అమ్మాలంటే బయట వేరే ప్రోగ్రాం నడపడం కుదరదు. సీ ప్లస్ ప్లస్ కోడ్ అంతా వెబ్‌అసెంబ్లీ అనే రూపంలోకి మార్చి సిమ్యులేటర్ లోపలే నడపాలి. సంవత్సరాల తరబడి పోగేసుకున్న పాత కోడ్ ఉన్న కంపెనీలకు అది సామాన్యమైన పని కాదు. ఫెనిక్స్ కంపెనీ ఏ320 యాడాన్ 2022 మేలో వచ్చినప్పుడు సిస్టమ్స్‌ను బయటి ప్రోగ్రాంలోనే నడిపింది, కాబట్టి పీసీకే పరిమితమైంది. అదే నెలలో పీఎండీజీ 737 కూడా వచ్చింది, సిమ్యులేటర్ లోపలి దారిలో. ఒకే సిమ్యులేటర్, రెండు వేర్వేరు దారులు. రెండూ బాగానే అమ్ముడుపోయినట్టున్నాయి.

ఉచితమే_మేలు
క్రాష్_లాగ్ గారు చెప్పిన ఫ్రేముల సమస్య నా వాదనకే బలం. బృందంలోని పదిమంది కంప్యూటర్లలో అది ఎప్పటికీ కనిపించదు. జనం చేతికి ముందే ఇస్తే వారంలో బయటపడుతుంది. ఎర్లీ యాక్సెస్ అని చెప్పి, ధర తగ్గించి, ఏది లేదో ముందే రాసి ఇవ్వండి. అందులో మోసమేముంది?

బీటా_బాధితుడు
కాగితం మీద బాగుంటుంది. నేను అలాంటి విడుదలలకూ, మూసిన తలుపుల బీటాలకూ (విడుదలకు ముందు కొద్దిమందితో చేసే పరీక్షలకూ) రెండింటికీ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. ఎర్లీ యాక్సెస్‌లో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం "లేదు" అని ముందే రాసిన వాటి గురించే ఉంటాయి. ఎవరూ ఆ చిట్టా చదవరు. వాటి మధ్య నిజమైన బగ్ వెతకడమంటే తలప్రాణం తోకకొస్తుంది. "ల్యాండింగ్ బాగోలేదు" అని ఒక్క వాక్యం వస్తుంది. ఏ బరువు, ఏ గాలి, ఎన్ని ఫ్రేములు, ఏ జాయ్‌స్టిక్, ఏమీ ఉండదు.

మూసిన బీటాలో మనుషులు తక్కువ, కానీ ఒక్కొక్కరూ పనిగట్టుకుని విరగ్గొడతారు. నాకు అప్పగించేది ఎక్కువగా సేవ్ చేసి మళ్లీ తెరవడం. వినడానికి చప్పగా ఉంటుంది. గాలిలో, హోల్డ్‌లో (ఒకే చోట చక్కర్లు కొట్టేటప్పుడు) సగం తిరిగాక, ఒక హైడ్రాలిక్ పంపు చెడి ఉండగా, బ్రేకులు ఇంకా వేడిగా ఉండగా సేవ్ చేయండి. మళ్లీ తెరిస్తే అన్నీ అలాగే ఉండాలి. ప్రతి రిలే, ప్రతి ఉష్ణోగ్రత, ఎఫ్‌ఎంసీ ఏ ముక్క మీద ఉందో, స్క్రాచ్‌ప్యాడ్‌లో (ఎఫ్‌ఎంసీ తెర అడుగు వరుసలో) సగం టైపు చేసిన అక్షరాలతో సహా. ఒక్కటి మరిచినా తెరవగానే విమానం "నేను నేల మీద ఉన్నాను" అనుకుని ఇంజన్లు ఆపేస్తుంది. ఇది ఏ వీడియోలోనూ కనిపించదు, కానీ రాత్రి సగం ప్రయాణం ఆపి మర్నాడు పూర్తిచేసే ప్రతివాడికీ కావాలి.

తర్వాత మనుషుల కంప్యూటర్లు. విండోస్ యూజర్ పేరు ఇంగ్లీషు కాని లిపిలో ఉంటే ఫైలు తెరుచుకోదు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టి పేరు పొడవు 260 అక్షరాలు దాటితే సగం టెక్స్చర్లు కనిపించవు. ప్రాంతీయ అమరికల్లో దశాంశానికి చుక్క బదులు కామా వాడేవాళ్ల దగ్గర అంకెలన్నీ తారుమారు. వీటిలో ఒక్కటైనా విమానానికి సంబంధించిందేనా? కాదు. కానీ విడుదలైన సాయంత్రం సపోర్టు పెట్టె నిండేది వీటితోనే.

డింగ్_డింగ్
పైలట్ లైసెన్సు తీసుకోవడం తేలికలా ఉంది.

రాత్రి_ల్యాండింగ్
బీటా_బాధితుడు గారు, ఇదంతా నిజమే అనుకోండి. అయినా మీ పక్షం మీద నాకు ఒక కోపం మిగిలింది. ఇన్ని కారణాలున్నాయని కంపెనీ ఒక్కసారైనా చెప్పదు. ఎన్‌టూ_25 గారు ఇక్కడ రాసిన వీఏ ముక్క గురించి వాళ్లు రాసి ఉంటే నేను ఇంకా ఏడాది నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. దుమ్ము ఫొటో పెడితే పైన పటారం, లోన లొటారం అనే అనుకుంటాం.

రివెట్_లెక్క
ఇది న్యాయమైన మాట. రాసిన చోట జనం చదివారు కూడా. పొడుగాటి డెవలప్‌మెంట్ వ్యాసాలు రాసే బృందాల మీద ఆలస్యమైనా తిట్లు తక్కువ పడతాయి.

ఎన్‌టూ_25
సగం ఒప్పుకుంటాను. రాస్తే ఇంకో గొడవ ఉంది. "ఈ నెల వీనావ్ చేస్తున్నాం" అని రాస్తే దాన్ని మాటగా పట్టుకుంటారు. వచ్చే నెల సిమ్యులేటర్‌కే అప్‌డేట్ వచ్చి మా కోడ్ విరిగితే గోరుచుట్టు మీద రోకటిపోటు. 2021 జూలైలో ఎక్స్‌బాక్స్ విడుదలతో పాటు వచ్చిన ఐదో సిమ్ అప్‌డేట్ రోజులు గుర్తున్నాయా? అప్పటిదాకా బాగున్న యాడాన్లు కొన్ని ఒక్క రాత్రిలో కాళ్లు చాచాయి. తర్వాత 2024 నవంబర్‌లో కొత్త సిమ్యులేటరే వచ్చింది, పాతదాని కోసం చేస్తున్నవాళ్లు అప్పటికి సగంలో ఉన్నారు. కొనేవాడు ఒక్కసారి డబ్బు కడతాడు, సిమ్యులేటర్ మారినప్పుడల్లా సరిచేయడం మాత్రం మా నెత్తిన. తేదీ చెప్పనిది ఈ భయంతోనే. అదొక్కటే కారణమని నేను అనను, కొందరు చెప్పడానికి ఏమీ లేక కూడా చెప్పరు.

కుడిసీటు
తేదీ కాదు, ఏ దశలో ఉందో చెప్పమనండి. నేనైతే ఇవి అడుగుతాను: విమానాన్ని సేవ్ చేసి తెరవగలుగుతున్నారా? 20 ఫ్రేముల దగ్గర ఆటోల్యాండ్ చేసి చూశారా? ఏ320 అయితే ఫ్లేర్ మోడ్ (నేలను తాకే ముందు పనిచేసే లాజిక్) నిజంగా ఉందా? 50 అడుగుల దగ్గర ముక్కు కోణాన్ని గుర్తుపెట్టుకుని, 30 అడుగుల నుంచి 8 సెకన్లలో మెల్లగా ముక్కు అడ్డగీతకు 2 డిగ్రీలు కిందికి వచ్చేలా వంచుతుంది, అందుకే పైలట్ స్టిక్ వెనక్కి లాగవలసి వస్తుంది. అది లేకపోతే చేతికి వెంటనే తెలిసిపోతుంది. వీటికి అవునన్నవాళ్లు దగ్గరలో ఉన్నట్టు. జవాబివ్వకుండా క్యాబిన్ కిటికీ ఫొటో పెడితే మీరు వేరే విమానం కొనుక్కోవచ్చు.

పాత_తొమ్మిది
ఐఆర్‌ఎస్ (విమానం ఎక్కడుందో, ఎటు చూస్తోందో చెప్పే పరికరం) కూడా చేర్చండి. భూమధ్యరేఖ దగ్గర 5 నిమిషాల్లో, ధ్రువాల వైపు పోయే కొద్దీ 17 నిమిషాల దాకా పట్టి అలైన్ (తన స్థానానికి సర్దుకోవడం) కావాలి. మధ్యలో విమానాన్ని కదిలిస్తే అలిగి దీపం మెరిపించాలి. ఎక్కడైనా అదే సమయం పడితే అది టైమర్ మాత్రమే.

గేటు_దగ్గరే_ఆలస్యం
ఈ ప్రశ్నలే రాసి ఇవాళ వాళ్లకు పంపాను. తేదీ అడగలేదు.

రాత్రి_ల్యాండింగ్
మధ్యలో నా గోల ఒకటి. ఒక 737 యాడాన్ వాడుతున్నాను (పేరు వద్దులెండి). గేటు దగ్గర 6.5 టన్నుల ఇంధనం పెట్టి సేవ్ చేస్తాను. మళ్లీ తెరిస్తే ట్యాంకులు నిండుగా, 20 టన్నుల పైచిలుకు చూపిస్తోంది. బరువు పెరిగి టేకాఫ్ వేగాలన్నీ తప్పు. సపోర్టు వాళ్లు తిరిగి ఇన్‌స్టాల్ చేయమంటున్నారు, చేశాను, అదే కథ. 6 టన్నులని దశాంశం లేకుండా పెడితే మాత్రం సరిగ్గానే ఉంటోంది.

బీటా_బాధితుడు
6 అయితే సరిగ్గా ఉండి, 6.5 అయితే చెడుతోందా? మీ విండోస్ ప్రాంతీయ అమరికల్లో దశాంశ గుర్తు ఏముందో చూడండి. కామా ఉంటే యాడాన్ ఆ చుక్కను వేల గుర్తు అనుకుని 65 అని చదువుతోంది. 65 టన్నులు పట్టవు కాబట్టి ట్యాంకు పట్టినంత నింపుతోంది.

రాత్రి_ల్యాండింగ్
కామానే ఉంది. చుక్కకు మార్చి పాత సేవ్ తెరిచాను, 6.5 చూపిస్తోంది. కానీ నా ఖాతాల షీట్లన్నీ ఇప్పుడు గందరగోళమయ్యాయి.

బీటా_బాధితుడు
అయితే కామా తిరిగి పెట్టేసుకుని, వాళ్లు సరిచేసేదాకా దశాంశం లేని అంకెలే వాడండి. సేవ్ ఫైలు, లాగ్ ఫైలు, అమరికల స్క్రీన్‌షాట్ మూడూ కలిపి పంపండి. 6 కూ 6.5 కూ తేడా ఉందన్న ముక్క మొదటి వరుసలోనే రాయండి, వాళ్లకు కావలసింది అదే.